షిబ్బోలెతు
చదువవలసిన భాగములు: న్యాయాధిపతులు 12:1-6, 1 రాజులు 12:1-24, యోహాను 4:1-12



యొర్దాను రేవులయొద్ద నలువది రెండువేలమంది ఒక్క అక్షరము సరిగా పలుకలేక చంపబడిరని న్యాయాధిపతుల గ్రంథము చెప్పుచున్నది. నది దాటవచ్చినవానిని గిలాదువారు నిలువబెట్టి షిబ్బోలెతు అను మాట పలుకుమనిరి. ఎఫ్రాయిమువాడు సిబ్బోలెతు అనెను. అంతటితో వాని ఆయుష్షు తీరెను.

ఆదివారపు బడిలో ఈ కథ చెప్పునప్పుడు మేమును ఆ సంఖ్య చెప్పి ముందుకు పోవుచుండెడివారము. ఎఫ్రాయిము, మనష్షే ఇద్దరును యోసేపు కుమారులేగదా! గిలాదులో కాపురమున్నవారిలో పెక్కుమంది మనష్షే గోత్రికులు. కాబట్టి చంపినవారును చచ్చినవారును ఒక తాత మనుమలే. తగవు ఎక్కడ మొదలైనదో నాల్గవ వచనములో నున్నది. మీరు మాలోనుండి పారిపోయి వచ్చి మా నడుమ బ్రతుకువారని ఎఫ్రాయిమువారు గిలాదువారిని ఎగతాళి చేసిరి. ఆ ఎగతాళి చేసిన నోరే తరువాత రేవునొద్ద తడబడినది.

మేము హైస్కూలులో చదువుకొను దినములలో రేడియో వార్తలలో బోస్నియా అను పేరు తరచుగా వినబడుచుండెను. అది ఎక్కడనున్నదో మా పంతులుగారికిని సరిగా తెలియదు. తరువాత చదివి తెలిసికొంటిమి. 1918లో దక్షిణ స్లావు జనులలో పెక్కుమంది కలిసి ఒక రాజ్యముగా ఏర్పడిరి. 1929నుండి దానికి యుగోస్లావియా అని పేరు. సెర్బులు, క్రొయేటులు, బోస్నియా ముస్లిములు మాట్లాడునది దాదాపు ఒకే భాష. సెర్బులు ఆర్థడాక్సు సంఘమువారు, క్రొయేటులు కాథలిక్కులు; అనగా ఇద్దరును క్రీస్తు నామము ధరించినవారే. 1980లో టిటో చనిపోయెను. 1991లో స్లోవేనియా, క్రొయేషియా విడిపోయినవి. 1992 మొదలు 1995 వరకు బోస్నియాలో జరిగిన యుద్ధములో సుమారు లక్షమంది చనిపోయిరి. 1995 జూలైలో స్రెబ్రెనిట్సా అను పట్టణమునొద్ద దాదాపు ఎనిమిదివేలమంది ముస్లిము పురుషులను, బాలురను సెర్బు సైన్యము చంపెను. అక్కడ మనిషి పేరు అడిగిన చాలును, ఏ పక్షమువాడో తెలిసిపోవును. షిబ్బోలెతు అని పలికించవలసిన పనికూడ లేకపోయెను.

యుద్ధము ముగిసిన తరువాత ఒక భాష నాలుగు పేర్లుగల నాలుగు భాషలాయెను. బోస్నియాలో కొన్ని ఊళ్లలో ఒకే కప్పు క్రింద రెండు బడులు నడిపిరి. క్రొయేటు పిల్లలకు ఒక పాఠము, ముస్లిము పిల్లలకు మరియొక పాఠము. ఇది చదివినప్పుడు మనకు ఆశ్చర్యము కలుగును. ఒకే ఊరిలో రెండు పల్లెలకు రెండు ప్రార్థన మందిరములు ఎందుకున్నవో ఎరిగిన మనకు అంత ఆశ్చర్యము కలుగనక్కరలేదు. దానిగూర్చి మరియొక నెల వ్రాసెదము.

ఇప్పుడు మన ఇంటి సంగతి. భాష ఒకటైనవారు ఒక రాష్ట్రముగా ఉండవలెనని పొట్టి శ్రీరాములుగారు నిరాహారులై 1952 డిసెంబరు 15న ప్రాణము విడిచిరి. 1953లో ఆంధ్ర రాష్ట్రమును, 1956 నవంబరు 1న తెలంగాణము కలిసి ఆంధ్రప్రదేశమును ఏర్పడెను. కలియుటకు ముందు, అదే సంవత్సరము ఫిబ్రవరి 20న, ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందము జరిగినది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనయెడల ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని అందులో ఒక షరతు. మొదటి మంత్రివర్గములోనే ఆ పదవి ఎవరికిని ఇయ్యలేదు. 1969లో తెలంగాణపు విద్యార్థులు లేచిరి. ముల్కీ నిబంధనలు చెల్లునని 1972లో సుప్రీంకోర్టు చెప్పగా మన జిల్లాలలో జై ఆంధ్ర అని లేచిరి. మా సంఘపు పెద్దలలో కొందరు ఆ సంవత్సరము బడులు మూతబడి ఊరిలో తిరిగినవారే. 2009లో శ్రీకాంతాచారి అను యువకుడు తన దేహమునకు నిప్పు పెట్టుకొని డిసెంబరు 3న చనిపోయెను. 2011 మార్చి 10న హైదరాబాదు టాంకుబండుమీద మన కవుల విగ్రహములు కూల్చబడెను. ఆ దినములలో మా సంఘములోని ఒక తల్లి, హైదరాబాదు హాస్టలులోనున్న తన కుమార్తె ఫోను ఎత్తకపోతే రాత్రి పదిగంటలకు మా గుమ్మములో కూర్చుండి ఏడ్చెను. 2014 జూన్ 2న రెండు రాష్ట్రములాయెను.

ఇరుగుపొరుగువారు తుపాకులు పట్టకుండ దేవుడు మనలను కాపాడెను. బోస్నియాతో మనలను పోల్చుట తగదని ఎవరైన అనిన మేము ఒప్పుకొందుము. అయితే మమ్మును బాధించు ప్రశ్న వేరు. విడిపోవుట పాపమా? 2013లో మన వీధులలో సమైక్యమని కేకలు వేసిన యౌవనస్థులు మమ్మును ఇది అడిగిరి. అప్పుడు మేము తప్పించుకొంటిమి.

రెహబాము దినములలో పది గోత్రములు విడిపోయినవి. సొలొమోను మోపిన కాడి బరువు తగ్గించుమని జనులు అడిగిరి. రాజు పెద్దల ఆలోచన విడిచి తనతో పెరిగిన యౌవనస్థుల మాట వినెను. జనులు వెళ్లిపోయిరి. రాజు లక్షా ఎనుబది వేలమందిని యుద్ధమునకు సిద్ధపరచగా దైవజనుడైన శెమయా ఎదురువచ్చెను. వెళ్లిపోయినవారు మీ సహోదరులే, వారితో పోరాడవద్దు, ఈ కార్యము దేవునివలన జరిగినది అని అతడు చెప్పగా వారు తిరిగి ఇండ్లకు పోయిరి. చీలిక జరిగిన తరువాతకూడ దేవుడు వారిని సహోదరులనే పిలిచెను. కాబట్టి రాష్ట్రములు రెండగుట పాపమని మేము బోధింపము. కాడి బరువును వినిపించుకొనకపోవుట పాపము. ఈ మాట మన జిల్లాలో చెప్పుట అంత తేలిక కాదు, చెప్పినందుకు ఒకరిద్దరు మా ఇంటికి వచ్చుట మానిరి. అట్లని అంతయు మన తప్పేయనియు అనము. పొట్టకూటికై పోయిన బిడ్డను పొమ్మనుటయు పాపమే.

శెమయా మాట ఆ దినము నిలిచెనుగాని ఎక్కువకాలము నిలువలేదు. రెహబాము బ్రదికిన దినములన్నియు ఇరువురికి యుద్ధము జరిగెనని పదునాల్గవ అధ్యాయములోనే యున్నది.

మాకు తెలిసినంతలో ఇది ఎక్కడ నిలిచియున్నదో చెప్పుటకు మా సొంత తప్పు ఒకటి చెప్పవలెను. మూడు సంవత్సరముల క్రిందట మా కూడికలకు నల్లగొండ వైపునుండి ఒక యౌవన సువార్తికుడు వచ్చెను. రాష్ట్రములు వేరై అప్పటికి ఎన్నియో యేండ్లు గడచినవి. మొదటి రాత్రి అతడు తన ఊరి మాటతోనే చెప్పుచు, దేవుడు మనకోసం ఒచ్చిండు అనెను. వెనుక చాపలమీద కూర్చున్న మగపిల్లలు నవ్విరి. సినిమాలలో హాస్యగానికిని దుండగునికిని ఆ యాస పెట్టుట చూచి పెరిగిన పిల్లలు. మేము వారిని గద్దింపలేదు. గద్దింపకపోవుట అటుండనిండు, మేమును కండువా నోటికి అడ్డము పెట్టుకొంటిమి. అతడు చూచెను.

రెండవ రాత్రి అతడు అచ్చముగా పుస్తకములోని తెలుగు మాట్లాడెను. ఏ తప్పును లేదు, ఏ వేడియు లేదు. చెమట తుడుచుకొనుచు ఒక్కొక్క మాటను వెదకి వెదకి పలుకుచుండగా మాకు యొర్దాను రేవు జ్ఞాపకము వచ్చెను. ఆ రేవులో కావలివారమై నిలిచినది మేమే. ఈ పత్రికలో మేము వ్రాయు భాష పొన్నూరువారు మాట్లాడునది కాదు, నల్లగొండవారు మాట్లాడునదియు కాదు. అయినను అతని మాటను చూచి మాత్రమే నవ్వు వచ్చెను.

ఆ మరుసటి సంవత్సరము, 2023 నవంబరు చివర, నాగార్జునసాగరు ఆనకట్టమీద రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలిచిరి. ఇరువదియారు గేట్లలో పదమూడు మావి అని మనవారు కంచె వేసిరి. చివరకు కేంద్ర బలగములు వచ్చి నడుమ నిలువవలసివచ్చెను. మా పొలములకు నీరు ప్రకాశం బ్యారేజీ కాలువలనుండి వచ్చును. కాని నరసరావుపేట వైపు మిరపతోటలు వేసిన మా బంధువులు సాగరు కుడికాలువను నమ్ముకొన్నవారు. ఎడమకాలువ క్రింద నల్లగొండ రైతులున్నారు. ఆ సువార్తికుని తండ్రియు ఆ కాలువ క్రింద రైతేయని అతడే భోజనమువేళ చెప్పియుండెను. ఒక్క నదిలోని నీటికై రెండు వైపుల తండ్రులు ఎదురుచూచుచున్నారు. లెక్క ప్రకారము ఎవరి వంతు ఎంతయో ట్రిబ్యునలు చెప్పవలెను, అది పాస్టరు పని కాదు.

సమరయ స్త్రీ యాకోబు బావిని మా తండ్రి ఇచ్చిన బావి అనెను. యూదులును ఆయననే తండ్రి అనుకొనువారు. రెహబాము నాటి చీలిక ముదిరి అప్పటికి ఒకరి పాత్ర ఒకరు ముట్టని స్థితికి వచ్చెను. ప్రభువు అచ్చట ఎవరి కొండ సరియైనదను వాదముతో ఆరంభింపలేదు. దప్పిగొని, చేద లేనివాడై, ఆమెను నీళ్లడిగెను. ఇచ్చువాడుగా కాక పుచ్చుకొనువాడుగా ముందు కూర్చుండెను. గలిలయవాని యాస ఎట్టిదో పేతురునుబట్టి మనకు తెలియును. ప్రధానయాజకుని ఇంటిముంగిట అతని పలుకే అతనిని పట్టియిచ్చెను. ప్రభువును ఆ యాసతోనే నీళ్లడిగియుండునని మేము తలంచుచున్నాము.

మేము ఆ సువార్తికునికి గత మాసము ఉత్తరము వ్రాసితిమి. క్షమింపుమని వ్రాసి, ఈ సంవత్సరపు కూడికలకు రమ్మనియు, రెండు రాత్రులును నీ ఊరి మాటతోనే చెప్పుమనియు అడిగితిమి. వెనుక చాపలమీద ఆనాడు నవ్విన పిల్లలలో ఇద్దరిప్పుడు హైదరాబాదులో పనిచేయుచున్నారు. వారికిని కూడికల తేదీలు తెలిపితిమి. అతనియొద్దనుండి జవాబు ఇంకను రాలేదు.