కూలి చెమటకు చోటిచ్చిన కుంచె



విలియం లయొనెల్ వైలీ 1851లో లండన్‌లో పుట్టిన చిత్రకారుడు. ఆయనకు ఓడలంటే ప్రాణం. పడవ మీద థేమ్స్ నదిలో తిరుగుతూ రేవు బతుకును గీశాడు. 1883లో ఆయన వేసిన పెద్ద చిత్రంలో రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. బొగ్గు పడవలు, పొగ, మురికి నీళ్లు, వాటి నడుమ ఒళ్లు వంచి పనిచేసే కూలీలు ఉన్నారు. ఆ చిత్రం ఇప్పుడు లండన్‌లోని టేట్ సేకరణలో ఉంది. ఆ తరహా రేవు పని ఏనాడో పోయింది. చిత్రం మాత్రం సాక్ష్యం చెబుతూనే ఉంది.

మన దగ్గర సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య కూడా నకాషీ చిత్రకళ ఒరవడిలో తెలంగాణ పల్లెను, పండుగలను, కులవృత్తులను అలాగే బొమ్మకట్టారు.

మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లికి వైలీ గీసినలాంటి ఓడల రేవు లేదు. కానీ ఇక్కడి రామాలయం గోడల మీద శిల్పుల పనితనాన్ని నేటికీ చూస్తున్నాం. ఆర్మూరు చుట్టుపక్కల కల్లాల్లో పసుపు ఉడకబెట్టడం, ఆరబెట్టడం, కాడి (కొమ్ములు), గోళ (గుండ్రటి దుంపలు) వేరుచేయడం, నిజామాబాద్ మార్కెట్ యార్డులో హమాలీలు బస్తాలు మోయడం ఏటా చూసే పనులే. రోజూ చూసేది కనుకనే ఎవరూ రాసిపెట్టరు. యంత్రం రాగానే పాత పద్ధతి మాయమవుతుంది, దాని పేర్లూ మరుగున పడతాయి.

మీ ఇంట్లో బొమ్మలు గీసే పిల్లలుంటే పసుపు సీజన్‌లో ఒకసారి కల్లానికి తీసుకెళ్లండి. అక్కడ పనిచేసే వారి పేరు అడిగి, బొమ్మ కింద తేదీతో సహా రాయమనండి. చరిత్రలో కష్టజీవికి చోటు దక్కాలంటే, ముందు మన నోటుపుస్తకంలో దక్కాలి.