ఏడుగురి చేతికి కుంచము

మూలవాక్యము: అపొ. కార్యములు 6:1–7



కళ్ళములో ధాన్యము కొలుచుట మనలో పెద్దలందరు ఎరిగినదే. తూర్పారబట్టిన రాశి చుట్టు అందరు నిలిచియుండగా, కొలుచువాడు మొదటి కుంచము ఎత్తి "ఒకటి" అనడు, "లాభము" అనును. పిమ్మట రెండు, మూడు అని లెక్క సాగును. ఏడవ కుంచము వచ్చునప్పటికి కొందరు "ఏడు" అనుటకు జంకి "ఆరునొక్కటి" అందురు. ఏడు అనినయెడల ఏడ్పు వచ్చునని వారి భయము. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి అని మన తాతలు లెక్క కట్టెడివారు. 1956 నాటి చట్టము వెంబడి కిలోలు, లీటర్లు వచ్చి ఆ కొలతలు మెల్లగా మరుగున పడినవి. అయినను ఒక ప్రశ్న మాత్రము మరుగున పడలేదు. కుంచము ఎవరి చేతిలో ఉన్నది? "లాభము" అని పలికినప్పుడు ఆ లాభము ఎవరిది?

మన పితరులలో అనేకులు కుంచము పట్టినవారు కారు. కళ్ళము అంచున గంప పట్టుకొని నిలిచినవారు. చెప్పులు కుట్టినందుకు, బావి మోటకు తోలు కుట్టినందుకు, చేను కాచినందుకు, ఏడాది పొడుగున చాకిరి చేసినందుకు వారికి "మేర" అని కొంత ధాన్యము కొలిచెడివారు. ఒకడు పని ఇచ్చెను, ఒకడు గింజలు ఇచ్చెను. ఇది దానము కాదు, మారకమే. కాని కొలుచుట ఒక్కని వంతే. ఆసామి దయగలవాడైతే కుంచము నిండెను, లోభియైతే వెలితిపడెను. అంచున నిలిచినవాడు నోరెత్తి అడుగుటకు లేదు.

దేవుడు ఈ సంగతిని చిన్నదిగా ఎంచలేదు. లేవీయకాండము 19వ అధ్యాయములో న్యాయమైన త్రాసు, న్యాయమైన కొలత ఉండవలెనని ఆజ్ఞాపించెను. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో ఒకే సంచిలో పెద్దది, చిన్నది అని రెండు తూనికరాళ్ళు ఉంచుకొనరాదనెను. కొలత తగ్గించి, వెల పెంచి, బీదలను మ్రింగిన వర్తకులను ఆమోసు ప్రవక్త గద్దించెను. గుడిలో పాడిన పాటను మాత్రమే గాక, అంగడిలో ఎత్తిన త్రాసును కూడ ఆయన చూచుచున్నాడు.

ఇప్పుడు యెరూషలేము సంఘమును చూడుడి. అది మంచి సంఘము. పొలములు, ఇండ్లు గలవారు వాటిని అమ్మి వెల తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టిరి. ఎవరి అక్కరను బట్టి వారికి పంచిపెట్టిరి. అట్టి సంఘములోనే సణుగు పుట్టెను. ప్రతిదినము జరుగు పంపకములో గ్రీకు భాష మాట్లాడు వారి విధవరాండ్రకు సరిగా అందుటలేదు, హెబ్రీ వారికి అందుచున్నది. ఉభయులకు ప్రభువు ఒక్కడే, బాప్తిస్మము ఒక్కటే, రొట్టె విరుచుట ఒక్కటే. భాష వేరు, వీధి వేరు. ఇచ్చువారు ఇచ్చుచునే ఉండిరి. గంపలో రొట్టె ఉన్నది గాని, గంప నుండి ఆ తల్లుల చేతివరకు వెళ్ళు దారిలో కొరత వచ్చెను.

అపొస్తలులు ఏమి చేసిరి? సణుగువారిని నోరు మూయించలేదు. విధవరాండ్రకు ఓర్పు నేర్పుటకు పోలేదు. అందరిని పిలిచి, మీలోనుండి ఏడుగురిని మీరే ఏర్పరచుకొనుడి అనిరి. ఆ ఏడుగురికి కావలసినవి మూడు: మంచిపేరు, ఆత్మ నిండుదనము, జ్ఞానము. రొట్టె పంచువానికి ఇంత యోగ్యత ఏల అని మనము అడుగుదుము. మన బైబిలులో విధవరాండ్రకు ఆహారము పెట్టు పనికిని, వాక్యము చెప్పు పనికిని ఒకే మాట వాడిరి, పరిచర్య అని. ఒకటి ఎక్కువది, ఒకటి తక్కువది అని అపొస్తలులు ఎంచలేదు.

ఇక ఆ పేర్లు నెమ్మదిగా చదువుడి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే. ఎవరి తల్లులకు అందలేదో వారి పక్షముననే సంఘము కుంచము పెట్టినట్లు కనబడుచున్నది. ఆ మీదట దేవుని వాక్యము వ్యాపించి, శిష్యుల సంఖ్య బహుగా విస్తరించి, యాజకులలో అనేకులు విశ్వాసమునకు లోబడిరని లూకా వ్రాసెను. పంపకము చక్కబడిన చోట సువార్తకు త్రోవ తెరువబడెను.

ప్రియులారా, మన సంఘములకు ఇచ్చు గుణము క్రొత్త కాదు. దోర్నకల్ అధ్యక్ష మండలములో బిషప్ అజరయ్య గారి కాలమున పల్లెటూరి తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము ప్రభువు పేరట వేరే కుండలో వేసి గుడికి తెచ్చెడివారు. మిజోరాములోని సంఘములలో ఇట్టి అలవాటు 1910లో మొదలై మిక్కిలి వృద్ధిపొందెను. పిడికెళ్ళతో సువార్తికులు పోషింపబడిరి. కోతపండుగనాడు మనము తెచ్చు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు కూడ ఆ ప్రేమకు గురుతే. మన కొదువ ఇచ్చుటలో కంటె పంచుటలో ఎక్కువగా ఉన్నది.

ఇందులో మేమును దోషులమే. ఒక సంవత్సరము క్రిస్మసుకు దుప్పట్లు పంచుటకు మేము జాబితా వ్రాసితిమి. రెండవ పేటలోని ముగ్గురు విధవరాండ్ర పేర్లు దానిలో పడలేదు. మరచితిమని చెప్పితిమి. అది సగము నిజము. ఆ వీధికి మేము నడువలేదన్నది మిగిలిన సగము. ఆ ముగ్గురిలో ఒక ముసలితల్లి ఆరాధన తరువాత మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, నా పిడికెడు బియ్యం గుడికి అందినయ్యి గదా, నా పేరే అందలేదా?" అని అడిగినది. ఆమెకు కోపము లేదు. మాకు జవాబును లేదు. ఏండ్లు గడచినను ఆ మాట మా చెవిలోనే ఉన్నది.

ఆమెవంటివారు ప్రతి ఊరిలోను ఉన్నారు. 2013 నాటి ఆహార భద్రత చట్టము ప్రకారము కార్డుగల బీద కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము రావలెను. కాని కలుపు తీసి, నాట్లు వేసి వ్రేళ్ళు అరిగిన తల్లి ముద్ర ఒక్కొక్కసారి యంత్రములో పడదు. మరల రమ్మందురు. ఆమె తోడ వెళ్ళి, ఆమె పక్షమున మర్యాదగా అడిగి, ఆమె బియ్యము ఇంటికి చేర్చు యౌవనస్థుడు మన సంఘములో ఉన్నాడా? ఉన్నయెడల అతడును స్తెఫను పనిలో పాలివాడే.

కాబట్టి ఈ మాసములో ప్రతి సంఘము మూడు పనులు చేయవలెనని వేడుకొనుచున్నాము. మొదటిది, పెద్దలు అన్ని పేటలలో ఇల్లిల్లు తిరిగి విధవరాండ్ర, దిక్కులేనివారి, రోగుల పేర్లు వ్రాయవలెను. రెండవది, పంచుటకు నియమింపబడువారిలో ఇంతవరకు అందనివారి పక్షమువారు తప్పక ఉండవలెను. మూడవది, కోతపండుగ వేలములో వచ్చిన రూకలు ఎన్ని, ఎక్కడికి వెళ్ళినవి అన్న లెక్క సంఘము ఎదుట చదువవలెను. పౌలంతటివాడు యెరూషలేము బీదలకు చందా పంపునప్పుడు ఎవరును తప్పు మోపకుండునట్లు, సంఘములు ఏర్పరచిన సహోదరుని తోడు తీసికొనెను (2 కొరింథీ. 8:18–21). మనము పౌలుకంటె నమ్మదగినవారమా?

కళ్ళములో "ఏడు" అనుటకు జంకుదురు. యెరూషలేములో ఏడుగురు లేచిన తరువాత ఆ తల్లుల ఏడ్పు ఆగెను. మన కుంచము మొదటిసారి పైకి లేచి "లాభము" అన్నప్పుడు, అంచున నిలిచిన తల్లి గంపలో ఆ గింజలు పడునట్లు ప్రభువు మన చేతులను నడిపించునుగాక.

ప్రార్థన: మన్నాను కురిపించిన తండ్రీ, నీవు ఇచ్చినది మా చేతులలో నిలిచిపోకుండ చేయుము. మేము నడువని వీధికి మమ్మును నడిపించుము. మేము వ్రాయని పేరు మాకు జ్ఞాపకము చేయుము. యేసు నామమున, ఆమేన్.