శోకమునకు గడువు గలదా?

ప్రియజనమును కోలుపోయినవారు మరల బ్రదుకు నిర్మించుకొనుట మృతులకు ద్రోహమగునా? ఈ ప్రశ్నను నోరు విడిచి యడుగువారు తక్కువ. తమలో తామడిగికొని కుములువా రనేకులు. ఇరుగుపొరుగువారు మాత్రము అడుగకయే తీర్పు చెప్పుదురు. నవ్విననాడు "అప్పుడే మరచినదా?" యందురు; నవ్వకున్న "ఎన్నాళ్లీ యేడుపు?" అందురు.

కొన్ని సంవత్సరముల క్రిందట సముద్రతీర గ్రామమునుండి యొక స్త్రీ మాయొద్దకు వచ్చెను. వేటకు పోయిన భర్త తిరిగి రాలేదు. పడవచెక్కలు కొన్ని ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవి గాని మనిషి దొరకలేదు. అత్తగారు ప్రతిరాత్రి కుమారునికై కంచములో అన్నము పెట్టి మూత వేయుచుండెను. ఇంటిచూరున మిగిలిన వల నమ్మి చిన్నకొట్టు పెట్టుకొని యిద్దరు బిడ్డలను సాకుకొందునని యీమె యనగా, "వల అమ్మితివా, నా కొడుకు చచ్చెనని నీవే చాటినట్లు" అని ఆ వృద్ధురాలు అడ్డుపడెను. "బాబుగారూ, నా పెనిమిటి ఉన్నట్టా, లేనట్టా?" అని యామె మమ్మడిగినది.

మేము శాసనము చెప్పితిమి. ఒకడు బ్రదికియున్నచో అతని వార్త సహజముగా తెలియవలసినవారికి ఏడు సంవత్సరములు వార్తయే లేకున్న యెడల, అతడు జీవించియున్నాడనువాడే రుజువు చేయవలెనని 1872 నాటి సాక్ష్య శాసనములో 108వ విభాగము. 2023 నాటి క్రొత్త అధినియమమునందును అదియే 111వ విభాగముగా నిలిచినది. కావున ఏడేండ్లు ఆగుమంటిమి. ఆమె మారుమాట లేక లేచిపోయెను.

ఆ సలహాలో న్యాయదోషము లేదు. అయినను అది చాలదినములు మమ్ము బాధించినది. ఏలయన శాసనము చెప్పినది రుజువుభారము ఎవరిదను మాట మాత్రమే. ఏడేండ్లు నిండినను మరణించిన తేదీ యేదో ఆ నియమము చెప్పదని సర్వోన్నత న్యాయస్థానము 2004లో ఒక బీమా వ్యాజ్యమున స్పష్టపరచెను. ఇక ఆ ఏడేండ్లు వల నమ్మరాదనియు, బిడ్డలకు గంజి కాచరాదనియు ఏ విభాగము చెప్పినది? సాక్ష్యనియమమును మేము ధర్మనియమముగా మార్చితిమి. అత్తగారు ప్రేమచేత చేసినపనినే మేము పుస్తకము చేతపట్టి చేసితిమి. ఆ గడువైనను కదలనిది కాదు: 2013 జూన్‌లో కేదారనాథ ప్రాంతపు వరదలలో వేలమంది గల్లంతు కాగా, ఏడేండ్లు ఆగకయే విచారణ జరిపి మరణ ధ్రువపత్రము లిచ్చిరి.

దుఃఖము తొందరగా విడుచుట చాపల్యమని కొందరి వాదము. భారతమున శాంతిపర్వము చూడుడు. బంధువులందరు నశించిన పిమ్మట ధర్మరాజు రాజ్యము వలదు, అడవికి పోదుననెను. తమ్ములు వారించిరి, ద్రౌపదియు వారించెను. నిద్రించుచున్న తన యైదుగురు కుమారులను పోగొట్టుకొనిన తల్లి ఆమె! ఆమె మాటను చాపల్యమనగలవా రెవరు? ఆమె దుఃఖము ధర్మరాజు దుఃఖమునకు తక్కువది కాదు. బ్రదికియున్న జనముపట్ల బాధ్యత యొకటి మిగిలియున్నదని ఆమె ఎరుగును, అంతియే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. దాదాపు 10,000 మంది మరణించిరి. ఎవరి శవమో తెలియక అనేకులను సామూహికముగా పూడ్చిరి, కాల్చిరి. మిగిలినవారు ఉప్పునీరు నిలిచిన పొలములలోనే మరల నాగలి పట్టిరి. వారిలో పిల్లలందరిని పోగొట్టుకొనినవారును గలరు. వారు మరచిరని మేమనజాలము. అట్లే, దుఃఖితులను చూచి "మరచిపొమ్ము" అని హితవు చెప్పువారిని గూడ మేము మెచ్చము. మరపు వచ్చిన తరువాతనే బ్రదుకు మొదలుపెట్టవలెనన్న, మరపు రానివారి గతి యేమి?

రెండేండ్ల తరువాత ఆమె మరల వచ్చినది. వల అమ్మలేదట; మరిదికి పాలుకిచ్చి, వచ్చినదానితో కొట్టు పెట్టినదట. పెద్దబిడ్డను బడిలో చేర్చు కాగితమున తండ్రి పేరునకు ముందు "శ్రీ" యని వ్రాయవలెనా, "కీర్తిశేషులు" అని వ్రాయవలెనా యని యడిగినది. ఏమియు చేర్పక పేరు మాత్రము వ్రాయుమంటిమి. ఈసారి పుస్తకము తీయలేదు. అత్తగారి కంచము సంగతి అడుగుటకు మాకు నోరు రాలేదు.