ఓర్చుకొనుట బలహీనతయా?



మన మధ్యకు వచ్చిన పరాయివానిని ఎంతవరకు ఓర్చుకొనవలెను? ఎక్కడ ఎదిరింపవలెను? ఓర్చుకొనువాడు పిరికివాడని కొందరందురు. అది నిజమేనా? మన రక్తమే ఇందుకు జవాబు చెప్పుచున్నది.

రక్తమునకు పుట్టినిల్లు ఎముకలలోని మూలుగ. రక్తపు క్యాన్సరు వచ్చిన కొందరికి వైద్యులు గట్టి మందులతో పాత మూలుగను అణచి, మరియొకరి మూలకణములను నరముద్వారా ఎక్కింతురు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ చికిత్స 1986లో ఆరంభమైనది. తోడబుట్టినవారైనను ఒక్కొక్కరు పూర్తిగా సరిపోవుటకు నాలుగింట ఒక పాలే అవకాశము.

దాత మూలకణములతో కావలి కణములును వచ్చును. వాటిని టీ కణములందురు. అవి క్రొత్త దేహమును పరాయిదని యెంచి చర్మమును, కాలేయమును, ప్రేగులను కొట్టవచ్చును. చేర్చుకొనిన ఇంటినే అతిథి కూల్చినట్లగును. అయితే టీ కణములలోనే తోటివాటి చేయి పట్టి ఆపునవి కొన్ని కలవు. జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి 1995లో వాటిని గుర్తించెను. 2025లో ఆయనకును మరి ఇద్దరికిని నోబెల్ బహుమానము వచ్చెను. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనలనుండి వచ్చిన మెథోట్రెక్సేటు అను మందును ఈ దాడిని ఆపుటకు నేటికిని వాడుచున్నారు.

అట్లయితే కావలి కణములన్నిటిని ముందే తీసివేయరాదా? తీసివేసి చూచిరి. దాడి తగ్గెను గాని, అనేకులకు క్యాన్సరు తిరిగి వచ్చెను. ఏలయనగా మిగిలిన క్యాన్సరు కణములను వెదకి చంపునవి ఆ కావలి కణములే. కావున వైద్యుడు కోరునది చేతకాని కావలి కాదు, ఎవరిని కొట్టకూడదో ఎరిగిన కావలి.

గురుగుల ఉపమానము జ్ఞాపకము తెచ్చుకొనుడి. ఆ యజమానుడు గురుగులను గోధుమలనలేదు. గోధుమలు పెల్లగింపబడునేమోయని చేయి ఆపెను. దర్శి ప్రాంతపు రైతుకు ఇది చెప్పనక్కరలేదు. కలుపు మీది కోపముతో కంది మొక్కను పెరుకువాడెవడు?

మన ఊరికి కూలికి వచ్చిన కుటుంబము మీద, మన ఇంటికి వచ్చిన కోడలి మీద కోపము వచ్చినప్పుడు మనలను మనమే అడుగుకొందము: ఆమె కీడు చేసినదా, లేక మనకు క్రొత్తదా? కీడైతే ఎదిరింపవలసినదే. క్రొత్తదనమే అయితే ఓర్చుకొనవలెను. మూలుగ మార్చిన దేహములో సమాధానము కుదురుటకు నెలలు పట్టును. అంతవరకు మందులతో కాచుకొందురు. ఇంటిలోను సంఘములోను అంతపాటి ఓపిక పట్టుట బలహీనత కానేరదు.