పచ్చదనము హేతువగునా?

పర్వతముపై పొగ కనబడుచున్నది గనుక అచట నిప్పు ఉండవలెనని నిర్ణయించుట మన తార్కికులు తరతరములుగా శిష్యులకు చెప్పుచు వచ్చిన తొలి పాఠము. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున బాలబోధకై రచించిన తర్కసంగ్రహమునందును వంటయిల్లు, మడుగు దృష్టాంతములై ఆ కొండమీది నిప్పును నిరూపించుచుండును. నేడు నల్లమల కొండలపై వేసవిలో కార్చిచ్చు రగిలినపుడు పొగ కొఱకు ఎదురుచూడ నక్కరలేదు. భూమిని చుట్టివచ్చు ఉపగ్రహములు ఆ వేడిమినే పరారుణ కిరణములలో పసిగట్టగా, డెహ్రాడూనునందలి భారత అటవీ సర్వే సంస్థ ఆ వార్తను అటవీశాఖవారికి చేరవేయుచున్నది. అభయారణ్యములలోని జీవవైవిధ్యమును గూడ ఈ ఆకాశనేత్రముతోనే కనిపెట్టవలెనని మనము పూనుకొన్న ఈ కాలమున, అది మనకిచ్చు జ్ఞానము ఏ కోవకు చెందినదో విచారింపవలసియున్నది. పైకి తర్కవిషయముగా తోచు ఈ ప్రశ్నను నేను ధర్మవిషయముగనే ఎంచుచున్నాను.

ఆకులోని పత్రహరితము ఎఱ్ఱని వెలుగును గ్రహించును. ఆకు కణజాలము సమీప పరారుణ కాంతిని వెనుకకు పంపును. ఈ రెండింటి తారతమ్యమును కొలిచి పచ్చదనము ఎచట దట్టమో, ఎచట పలుచనో శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహముల చిత్రములలో మిక్కిలి సూక్ష్మమైన గడి నేలపై 10 మీటర్ల చదరము. 1972లో తొలి లాండ్‌శాట్ ఉపగ్రహము ఎగిరిన నాటినుండి పోగుపడిన చిత్రములను వరుసగా పరచి చూచినచో, అడవి ఏ అంచున ఎన్నడు తరిగినదో, ఏ మడ అడవి రొయ్యల చెరువులపాలైనదో ఎవ్వరును కాదనలేని రీతిని తెలియును. కాగితములపై మాటుపఱచిన విధ్వంసమును బయటపెట్టగల ఇట్టి సాధనము పూర్వము ఏ తరమువారికిని లేదు. దానిపై నాకు గల గౌరవము సామాన్యమైనది కాదు.

అయినను పచ్చదనమునుండి ప్రాణికి పోవు దారి అనుమానము, అనగా హేతువు అను గుర్తును బట్టి సాధింపబడిన జ్ఞానము; అది ప్రత్యక్షము కాదు. పొగ ఉన్నచోట నిప్పు ఉండునని చెప్పవచ్చును గాని నిప్పు ఉన్నచోటనెల్ల పొగ ఉండునని చెప్పరాదు. కాలిన ఇనుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. తడికట్టె అను ఉపాధి, అనగా అదనపు నిబంధన, కూడినపుడే నిప్పు పొగను వెడలించును. అడవికిని పులికిని గల సంబంధము సరిగా ఇట్టిదే. రాజస్థానమునందలి సరిస్కా వ్యాఘ్ర సంరక్షణ కేంద్రమున 2005 నాటికి ఒక్క పులియు మిగులలేదు; వేటగాండ్రు వాటిని హతమార్చిరి. ధోక్ చెట్లు మాత్రము ఎప్పటివలెనే ఎండకు ఆకురాల్చి వానకు చిగిర్చుచునే యున్నవి. 2008లో రణథంభోర్ నుండి పులులను తెచ్చి విడిచినపుడును ఆకాశచిత్రమున ఒక్క గడియైన రంగు మారియుండదు. పచ్చగా నిలిచియుండియు మృగశూన్యమైన ఇట్టి వనములను గూర్చి కెంట్ రెడ్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞుడు 1992లోనే హెచ్చరించి, వానికి శూన్యారణ్యములని పేరిడెను. లేళ్లు మేయు గడ్డిని అణచివేసి పెరుగు లాంటానా పొదయును పైనుండి పచ్చగనే కనబడును. ఒక హెక్టారునకు మించిన నేలపై నూటికి పదిపాళ్లు చెట్ల నీడ పఱచుకొన్నచో, అది మామిడితోట యైనను మన అటవీ గణనమున వనాచ్ఛాదనముగనే చేరును.

మిథ్యాజ్ఞానము వలన దోషము, దోషము వలన ప్రవృత్తి, ప్రవృత్తి వలన జన్మము, జన్మము వలన దుఃఖము కలుగునని గౌతముడు న్యాయసూత్రముల ఆరంభముననే గొలుసుకట్టి చూపెను. అందు తప్పుగా తెలిసికొన్నవాడే ఆ దుఃఖమును అనుభవించును. కాని అడవి క్షేమముగా నున్నదని కొలమానముల మధ్య కూర్చుండి నిశ్చయించుకొన్న మానవుని భ్రాంతికి మూల్యము చెల్లించునది ఉచ్చులో చిక్కిన మూగజంతువు. ఒకని మిథ్యాజ్ఞానమునకు మఱియొక ప్రాణి దుఃఖించుచున్నపుడు, ఆ అజ్ఞానము హింసయే అగునని నా విశ్వాసము.

కావున నైయాయికులు అంగీకరించిన శబ్దప్రమాణమును ఇచట పిలువవలసియున్నది. ఆప్తుని మాట ప్రమాణము. ఆప్తుడనగా వస్తువును ఉన్నదున్నట్లు ఎఱిగి, ఎఱిగినది ఎఱిగినట్లు చెప్పువాడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమేనని వాత్స్యాయనుడు న్యాయసూత్ర భాష్యమున స్పష్టముగా వ్రాసెను. ఆ ఒక్క వాక్యమునకే ఆయనకు నమస్కరింపబుద్ధి పుట్టును. నల్లమలలో పులుల కాపలాకై నియుక్తులైన చెంచులు మట్టిలోని అడుగుజాడను, చెట్టుబెరడుపై గోటిగీతను, కొండముచ్చు బెదరిన కూతను బట్టి పులి పోకడను చెప్పగలరు. ఉపగ్రహ చిత్రము ప్రక్కన వారి మాటయు, చెట్లకు కట్టిన కెమెరాల సాక్ష్యమును నమోదు కావలెను. మూడును ఏకీభవింపనిచోట చిత్రమునకే పెద్దపీట వేయక కారణమును వెదకవలెను. అట్టి చెంచులను పులుల మేలు కొఱకే అడవినుండి వెలుపలికి తరలింపవలెనను వాదము నేడును వినవచ్చుచున్నది. ఆ వాదము చేయువారు, చెంచులతోపాటు అడవినుండి ఏ ప్రమాణము వెడలిపోవునో ముందుగా తెలిపి, దానికి బదులుగా దేనిని నిలుపగలరో చెప్పవలసియున్నది.