ఆగేదీ ఆగనిదీ

విజయవాడలో రైవస్ కాలువకు దగ్గర్లో, ఒక సందులో రెండిళ్ళు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి మేడ, రెండోది పెంకుటిల్లు. అక్కడా ఐదుగురే, ఇక్కడా ఐదుగురే. సందులోకి వచ్చే కూరగాయల బండి ఒకటే కనుక రెండు వంటిళ్ళలోనూ ఇంచుమించు ఒకటే కూర.

2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలయ్యాక ఇంటికి మూడు డబ్బాలు పంచారు. తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది, కాలం చెల్లిన మందులూ బ్లేడ్లూ లాంటివాటికి ఎర్రది. మేడ ఇల్లాలికి అవి తెగ నచ్చాయి. ఆకుపచ్చదాంట్లో కందిపప్పు పోసింది, నీలందాంట్లో బట్టల క్లిప్పులు వేసింది, ఎర్రదాన్ని మొక్కలకు నీళ్ళు పోయడానికి డాబా మీదికి పంపింది. చెత్త మాత్రం ఎప్పట్లాగే వంటగట్టు కింద బకెట్లోకే వెళ్ళేది.

పొద్దున్నే చెత్తబండి విజిల్ వినబడగానే అంతా ఒకే కవరులో మూటగట్టి అందించేది. “తడి వేరు, పొడి వేరు చేసివ్వండమ్మా” అని బండామె రోజూ అడిగేది. “రేపట్నుంచి” అని ఈవిడా రోజూ చెప్పేది.

2023 డిసెంబరు ఆఖరి వారంలో, సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలనీ ఉద్యోగాలు పర్మనెంటు చేయాలనీ మున్సిపల్ కార్మికులు రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. బండి రావడం మానేసింది.

రెండో రోజుకే మేడలో బకెట్ పొంగింది. “డబ్బా చిన్నదైంది” అని ఇంటాయన బజారుకెళ్ళి పెద్దది తెచ్చాడు. అదీ నిండాక మూతున్న డ్రమ్ము తెచ్చాడు. డ్రమ్ములో అడుగున చేరిన సాంబారు పులిసింది, దాంట్లో పేపర్లు నానాయి, మూత తీస్తే పురుగులు గోడ మీదికి పాకుతున్నాయి. ఇక భరించలేక, ఆ రాత్రి కొడుకు రెండు సంచులు కట్టి, కాలవలో పారేసి వద్దామని బయల్దేరాడు. చీకట్లో గురి తప్పి అవి గట్టు మీదే పడ్డాయి. తెల్లారేసరికి కుక్కలు చీల్చేశాయి. ఆ చెత్తలో ఒక పార్సిలు అట్టపెట్టె, దాని మీద పేరూ డోరు నంబరూ స్పష్టంగా ఉన్నాయి. గట్టు పక్కవాళ్ళు ఆ పెట్టెను మర్యాదగా తెచ్చి మేడ గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు.

తలెత్తుకోలేకపోయిన ఇల్లాలు ఎదురింటికి వెళ్ళింది. అక్కడ వాసన లేదు, ఈగ లేదు.

“పిన్నిగారూ, మీ ఇంట్లో అసలు చెత్తే పుట్టదా?”

“ఎందుకు పుట్టదమ్మాయ్, మీకెంతో మాకూ అంతే” అంటూ పెద్దావిడ పెరట్లోకి తీసుకెళ్ళింది.

అక్కడ చుట్టూ చిల్లులు పొడిచిన పాత పెయింటు బకెట్ ఉంది. అడుగున కొబ్బరి పీచు, దాని మీద ఆ పూట తొక్కలు, వాటి మీద గుప్పెడు ఎండుటాకులు. అప్పుడప్పుడు గరిటెడు పుల్లమజ్జిగ పోసి, పుల్లతో కలియబెడుతుంది. నీళ్ళోడితే ఇంకో గుప్పెడు ఆకులు వేస్తుంది. పక్కనున్న రెండో బకెట్ నిండి మూడు నెలలైంది. అందులోంచి చేతినిండా తీసి చూపిస్తే, తొలకరికి తడిసిన నేలలా వాసన వేసింది. దండెం మీద కడిగిన పాల కవర్లు ఆరుతున్నాయి. మూలన గోనెసంచిలో అట్టలు, సీసాలు, పేపర్లు.

తర్వాత ఆవిడ మేడకు వచ్చి, డ్రమ్మును పెరట్లో పాత పట్టా మీద బోర్లించింది. ఇద్దరూ కలిసి వేరు చేశారు. తొక్కలూ, అన్నం, కాఫీ పిప్పీ పెద్ద కుప్పయ్యాయి. కవర్లూ అట్టలూ ఇంకో కుప్ప. ఎర్ర డబ్బాలోకి వెళ్ళాల్సినవి దోసెడు.

“పాల కవరు కడిగి ఆరేస్తే నెలైనా మూలన పడుంటుంది. దాన్ని సాంబారుతో కట్టావు, దానికీ పురుగు పట్టింది. తడిది రేపటిదాకా ఆగదు, పొడిది ఎన్నాళ్ళైనా ఆగుతుంది. ఆగేదాన్ని తెచ్చి ఆగనిదానికి ముడేస్తే రెండూ ఇవాళే తేలాలంటాయి. అప్పుడు ఎంత డబ్బా కొన్నా చాలదమ్మాయ్.”

సమ్మె ముగిసి బండి వచ్చిన రోజు మేడ ఇల్లాలు రెండు సంచులు విడివిడిగా అందించింది. బండామె మూతి విప్పి చూసి, “ఇవాళ చేతికి గాజుపెంకు గుచ్చుకోదమ్మా” అంది. కందిపప్పు పాత స్టీలు డబ్బాలోకి మారింది.

నీతి: పొంగే డబ్బాకు మందు ఇంకా పెద్ద డబ్బా కాదు. కుళ్ళేదాన్ని ఏ పూటకా పూట తేల్చు, నిలవుండేదాన్ని దాని దరికి చేరనివ్వకు.

ఇంటికి చెల్లే ఈ లెక్క ఊరికీ చెల్లుతుంది. మన పట్టణాల ఇళ్ళలో పుట్టే చెత్తలో సగానికి పైగా తడిదే. గాలాడితే అది ఎరువవుతుంది. గాలాడక గుట్ట కింద పడితే మీథేన్ వాయువూ నల్లటి ఊటా అవుతుంది. హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ చెత్తగుట్ట నుంచి కారిన ఊటే మల్కారం చెరువును పాడుచేసింది. ఆ గుట్ట కూడా ఒక పెద్ద డ్రమ్మే, ఊరంతా కలిపి పోసింది. చెత్తను ఇంటి దగ్గరే మూడుగా వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పింది ఇందుకే. ఊరంతటిదీ కలిశాక విడదీయడం చాలా కష్టం, కలవకముందైతే చెయ్యి ఇటు కాక అటు చాస్తే చాలు.

సంసారంలోనూ అంతే. రాత్రి అన్నాల దగ్గర దొర్లిన మాటను అప్పుడే తేల్చుకోక, ఎప్పుడో జరగాల్సిన ఆస్తి పంపకంతో ముడేసుకున్న ఇళ్ళు ఎన్ని లేవు? మాట పులుస్తుంది, పంపకానికీ పురుగు పడుతుంది. మాటను ఆ పూటే కడుక్కున్న ఇంట్లో, పంపకం సంగతి పదేళ్ళ తర్వాతైనా తాపీగా కూర్చుని మాట్లాడుకోవచ్చు.