ఎన్ని దెబ్బలు మితం?

హార్నెస్ రేసింగ్ అనే పందేన్ని మన పాఠకుల్లో చాలామంది చూసి ఉండరు. హైదరాబాద్ మలక్‌పేటలో జరిగేది వేరు. అక్కడ జాకీ గుర్రం వీపు మీద ఉంటాడు. ఇందులో గుర్రానికి సల్కీ అనే తేలికపాటి రెండు చక్రాల బండి కడతారు. డ్రైవరు ఆ బండి మీద, గుర్రం తోకకు దాదాపు ఆనుకుని కూర్చుంటాడు. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, స్వీడన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఈ పందేలకు పెద్ద మైదానాలున్నాయి, పెద్ద సొమ్ములున్నాయి. ఇందులో గుర్రం దౌడు తీయకూడదు. ట్రాటింగ్ అయితే ఒక పక్క ముందుకాలు, రెండో పక్క వెనకకాలు జతగా కదలాలి. పేసింగ్ అయితే ఒకే పక్క కాళ్లు రెండూ జతగా కదలాలి. నడక తప్పి దౌడులో పడిందా, డ్రైవరు దాన్ని లాగిపట్టి మళ్లీ ఆ నడకలోకి తేవాలి. ఈలోగా మిగతావి దాటిపోతాయి. అంటే గుర్రానికి పుట్టుకతో వచ్చిన వేగాన్ని కళ్లెంతో ఆపుతారు. ఆపిన హద్దులోనే ఇంకా వేగంగా పొమ్మని కొరడాతో కొడతారు.

ఈ కొరడా మీద ఆ దేశాల్లో చాలా ఏళ్లుగా నిబంధనలు వస్తున్నాయి. కెనడాలోని ఒంటారియోలో 2009లో, డ్రైవరు రెండు చేతుల్లోనూ పగ్గాలు పట్టుకునే ఉండాలని నియమం పెట్టారు. పగ్గాలు రెండూ ఒక చేతికి మార్చుకుని, రెండో చేయి పైకెత్తి బాదడం దాంతో కుదరదు. మరికొన్ని చోట్ల మణికట్టు మాత్రమే కదలాలి, చేయి ఎత్తకూడదు అన్నారు. హద్దు దాటితే జరిమానా, లేదా కొన్నాళ్లపాటు పందేలకు దూరం. నేరం పేరు 'మితిమీరిన కొరడా వాడకం'. న్యాయశాస్త్రం చదువుకున్న మా కన్ను ఆగిపోయింది ఆ 'మితిమీరిన' అనే మాట దగ్గరే. మితిమీరిన దెబ్బ తప్పు అని రాసినప్పుడే, మితంలో ఉన్న దెబ్బ ఒప్పు అని కూడా రాసేశారు. ఎన్ని దెబ్బలు మితం? ఎవరి లెక్కలో మితం?

ఇది మధ్యమ మార్గమే కదా అనే మిత్రులున్నారు. అసలు కొట్టకూడదనడం ఒక అతి, ఇష్టమొచ్చినట్టు కొట్టడం మరో అతి, నడుమ నాలుగు దెబ్బలు మధ్యమమట! భగవాన్ బుద్ధుడు సారనాథ్‌లో వదలమన్న రెండు అతులు ఏవి? ఒకటి భోగలాలస, రెండోది శరీరాన్ని చిత్రహింస పెట్టుకోవడం. రెండూ మనిషి తన ఒంటికి తాను చేసుకునేవి. ఎదుటి ప్రాణి వీపు మీద పడే దెబ్బలకు సగటు కట్టమని ఆయన ఎక్కడా చెప్పలేదు.

మా ధమ్మ అధ్యయన వర్గంలో ఈ విషయం ఎత్తినప్పుడు ఒక పెద్దాయన సూటిగానే అడిగారు. "దొరల చెర్నాకోల దెబ్బలు తిన్న తాతల మనవళ్లం మనం. ఎక్కడో తెల్లవాళ్ల గుర్రాల సంగతి మనకెందుకయ్యా?" ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో, చచ్చిన ఆవు చర్మం ఒలిచినందుకు నలుగురు దళిత యువకులను కారుకు కట్టేసి కొట్టారు. దేశమంతా ఆ వీడియో చూసింది. ఆ బాధిత కుటుంబం 2018లో బౌద్ధం స్వీకరించింది. జంతువు పేరు చెప్పి మనిషిని కొట్టే చోట జంతుకారుణ్యం అనే మాట వింటేనే మనవాళ్లకు ఒళ్లు మండుతుందంటే, ఆ మంటకు కారణం ఉంది. అయితే ఆ పెద్దాయనకు మేము చెప్పింది ఇదే: ఊనాలో కర్ర పట్టినవాడికి ఆవు మీద ఉన్నది కరుణ కాదు. ఎవరిని కొట్టవచ్చో, ఎవరిని కొట్టకూడదో తేల్చే అధికారం తనదేనన్న అహంకారం. జీతగాణ్ణి కొట్టిన దొర కూడా "ఊరికే కొట్టానా, పనికోసమే కదా, మరీ ఎక్కువ కొట్టలేదు కదా" అనేవాడు. మితం అనే మాటను కొరడా పట్టినవాడు ఎలా వాడుకుంటాడో దెబ్బ తిన్న వంశాలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కాబట్టి ఈ ప్రశ్న మనదే. మనకంటే బాగా దాన్ని అడగగలిగినవాళ్లు తక్కువ.

గుర్రానికి తోలు మందం, మనకు తగిలినంత తగలదు అనే వాదన ఒకటుంది. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మనిషి చర్మాన్నీ గుర్రం పిరుదు మీది చర్మాన్నీ సూక్ష్మదర్శిని కింద పెట్టి పోల్చి 2020లో ఫలితం ప్రచురించారు. పై పొర మందంలో గానీ, అందులో నొప్పిని పట్టే నరాల కొసల విషయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పోనీ, కొడితే వేగమైనా పెరుగుతుందా? అదే విశ్వవిద్యాలయం నుంచి 2011లో దౌడు పందేల మీద వచ్చిన అధ్యయనం చూస్తే, గుర్రం అలసిపోయిన చివరి 400 మీటర్లలో కొట్టడానికీ వేగం పెరగడానికీ సంబంధం కనబడలేదు.

నొప్పి ఉంది, లాభం లేదు. మరి ఎందుకు కొడుతున్నారు? దీనికి పందేల లోకమే ఒక జవాబు చెబుతుంది. ఆ జవాబు చదివి మేము కాసేపు అలాగే ఉండిపోయాం. పందెం కాసినవాడికి, తాను డబ్బు పెట్టిన గుర్రాన్ని గెలిపించడానికి డ్రైవరు శాయశక్తులా ప్రయత్నించాడన్న నమ్మకం కలగాలట. చేయి కదలకపోతే లాలూచీ పడ్డాడని అనుమానిస్తారట. అంటే దెబ్బ పడేది గుర్రం మీద, చూపించేది గ్యాలరీకి. అది ఒక రసీదు. డబ్బు కట్టినవాడికి ఇచ్చే రసీదును ప్రాణమున్న చర్మం మీద రాస్తున్నారు! జూదం ఇంటి సంపదను ఎలా హరిస్తుందో సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు వివరంగా చెప్పాడు. జూదగాడి ఇల్లే కాదు, ఆ జూదానికి కట్టిన గుర్రం వీపూ ఆ లెక్కలోకి రావాలని మాకనిపిస్తుంది.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో సూత్రానికీ నియమానికీ తేడా చెప్పారు. అహింసను బుద్ధుడు సూత్రంగా చెప్పాడు తప్ప మెడకు కట్టిన నియమంగా కాదని ఆయన వివరణ. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని కూడా విడదీశారు. ఈ విభజనను కొరడాకు పెట్టి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. గుంపులో గుర్రం బెదిరి పక్క బండి మీదికి పోతోంది, నలుగురి ప్రాణాలు పోతాయి, అప్పుడు దాన్ని మళ్లించడానికి కొరడా తగిలిస్తే అది అవసరం. గీత దగ్గర ఒక అడుగు ముందుండటం కోసం కొడితే అది కోరిక. ఒకసారి కొట్టినా కోరికే, పదిసార్లు కొట్టినా కోరికే. దెబ్బలు లెక్కపెట్టే నిబంధన ఈ తేడాను చూడదు. అవసరానికి కొట్టిన రెండు దెబ్బలనూ, కోరికతో కొట్టిన రెండు దెబ్బలనూ ఒకే గడిలో వేస్తుంది.

చేతనే కర్మ అని ధమ్మం అంటుంది కదా, మనసులో ఏముందో స్టీవార్డులు ఎలా చూస్తారు అని అడగవచ్చు. చూడలేరు. చట్టానికి ఆ కన్ను లేదు. అయితే కోరికకు తిండి పెడుతున్నదేమిటో చట్టం చూడగలదు. అది గెలుపు సొమ్ము. డ్రైవరుకు జరిమానా వేసి, గెలుపును మాత్రం అలాగే ఉంచితే, ఆ జరిమానా శిక్ష కాదు, ధర. బహుమతి పెద్దదైతే ఆ ధర కట్టి కొట్టేవాడు కొడతాడు. యజమాని జేబు నుంచి పైసా పోదు. బ్రిటన్‌లో 2023 నుంచి దౌడు పందేల్లో ఒక మార్పు తెచ్చారు. అడ్డంకులు లేని పందెంలో ఆరు దెబ్బల వరకు అనుమతి. దానికి నాలుగు మించితే గుర్రాన్నే అనర్హం చేస్తారు. ముందడుగే. కానీ లెక్క చూడండి: ఏడు, ఎనిమిది, తొమ్మిది దెబ్బలకు జాకీకి శిక్ష, గెలుపు యజమానికి. పదో దెబ్బకు గానీ గెలుపు పోదు. అది పోయినా, బెట్టింగులో అప్పటికే పంచేసిన డబ్బు వెనక్కి రాదు. ఎవరి నమ్మకం కోసం ఆ దెబ్బ పడిందో వాళ్లకు ఏమీ కాలేదు.

మన చట్టం సంగతి తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కొట్టినవాణ్ణే కాదు, కొట్టనిచ్చిన యజమానినీ పట్టుకుంటుంది. తగిన శ్రద్ధ, పర్యవేక్షణ చూపకపోయినా యజమాని తప్పు చేసినట్టే లెక్క. ఎంత మంచి వాక్యం! తీరా శిక్ష దగ్గరికొస్తే, మొదటి నేరానికి పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా జరిమానా. అక్కడ శిక్షకు బరువుంది, అది యజమానిదాకా పోదు. ఇక్కడ యజమానిదాకా పోతుంది, బరువు లేదు.

డ్రైవరు మీద మాకు కోపం లేదు. అతనికి ఆ రోజు బండి దక్కేది యజమానో శిక్షకుడో పిలిస్తేనే. చేయి కదపకుండా రెండో స్థానంలో వచ్చినవాణ్ణి రేపు ఎవరు పిలుస్తారు? అతని వీపు మీదా ఒక కొరడా ఉంది, అది మనకు కనబడదు. అంగుత్తర నికాయంలో కేసి అనే అశ్వశిక్షకుడి కథ వస్తుంది. నువ్వు గుర్రాలను ఎలా మచ్చిక చేస్తావని బుద్ధుడు అడుగుతాడు. మెత్తగా, కఠినంగా, రెండూ కలిపి, ఎలాగూ లొంగకపోతే చంపేస్తానని కేసి చెబుతాడు. మరి మీరు మనుషులను ఎలా దారిలో పెడతారని అతను తిరిగి అడిగితే, బుద్ధుడూ అవే నాలుగు మాటలు అంటాడు. కేసి ఉలిక్కిపడతాడు. బుద్ధుడి వివరణలో కఠినం అంటే చెడు నడతనూ దాని ఫలితాన్నీ విప్పి చెప్పడం. చంపడం అంటే, ఇతనికి ఇక చెప్పి లాభం లేదని వదిలేయడం. నాలుగు పద్ధతుల్లోనూ కర్ర లేదు. కొరడా నీడ చూసే కదిలే మేలుజాతి గుర్రం పోలిక అదే నికాయంలో ఉందని కొరడాను సమర్థించేవాళ్లుంటారు. ఆ పోలికలో మెచ్చుకున్నది దెబ్బ అక్కరలేని గుర్రాన్ని. కొట్టే చేతిని కాదు.

కొరడా లేకపోతే పందేలే ఉండవన్న భయానికి నార్వే ఎప్పుడో జవాబిచ్చింది. వేగం కోసం కొరడా వాడటాన్ని అక్కడ 1982లోనే ఆపారు, పందేలు ఆగలేదు. ఆస్ట్రేలియాలో హార్నెస్ పందేల సంస్థ 2016 డిసెంబరులో, 2017 సెప్టెంబరు 1 నుంచి కొరడాను పూర్తిగా తీసేస్తామని ప్రకటించింది. గడువు వచ్చేలోపే వెనక్కి తగ్గి, మణికట్టుతో కొట్టే నిబంధనతో సరిపెట్టింది.

ఇదంతా చదివి మన ఊళ్లవైపు చూడకుండా ఉండలేం. సంక్రాంతికి, శివరాత్రికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే ఆ జతకు బహుమతి. పక్కన పరుగెత్తేవాళ్ల చేతుల్లో చెర్నాకోలలుంటాయి. ఆ ఎడ్లను బిడ్డల్లా పెంచే రైతులు మాకు తెలుసు, వాళ్ల ప్రేమ అబద్ధం కాదు. జాతక కథల్లో నందివిశాలుడనే ఎద్దు నూరు బండ్లు లాగగలనని యజమాని చేత పందెం కాయిస్తుంది. యజమాని ములుగర్ర ఝళిపించి తిట్టేసరికి కదలకుండా నిలబడి అతణ్ణి ఓడిస్తుంది. రెండోసారి మంచి మాట అంటే లాగి గెలిపిస్తుంది. (పందెం కాయడాన్ని ఆ కథ తప్పు పట్టలేదు, అది మాకు కాస్త ఇబ్బందే.) ఈ ఏడాది పోటీలు పెట్టే కమిటీల దగ్గరికి ఆ కథ పట్టుకుని కాదు, ఒక చిన్న నిబంధన పట్టుకుని పోదామనుకుంటున్నాం: చెర్నాకోల ఎద్దు ఒంటికి తగిలిన జతకు ఆ రోజు లాగిన దూరం లెక్కలోకి రాదు. జరిమానా వద్దు, కేసు వద్దు. బండ దగ్గర గీత గీసే మనిషే ఆ లెక్క కూడా చూస్తాడు. రెండు కమిటీల పెద్దలు ఆలోచిస్తామన్నారు. ఒకాయన మాత్రం, మరి జనం ఊరుకుంటారా అన్నాడు.